తొక్కల జెల్లీకి తోడు దొరికింది

తిరుపతి గాంధీ రోడ్డులో ఒక పాత్రల దుకాణంలో కొన్న వంట థర్మామీటరు ఇది. మరిగే నీళ్లలో ముంచితే 100 దగ్గర ఆగింది, నమ్మకం కుదిరింది. జామ తొక్కలు, గింజల గుజ్జు పారేయడానికి నాకు మనసొప్పదు. ఉడికించి, పలుచని గుడ్డలో రాత్రంతా వడకడతాను. గుడ్డ పిండితే రసం మసకబారుతుంది. మా అత్తగారితో చెప్పి చూడండి, వింటారేమో! కప్పు రసానికి ముప్పావు కప్పు చక్కెర, కాస్త నిమ్మరసం. జామలో జెల్లీని గట్టిపరిచే పెక్టిన్ దండిగా ఉంటుంది కదా, మరిగించి 105 డిగ్రీలకు రాగానే పొయ్యి మీంచి దించితే చల్లారాక చెంచాకు తెగేంత గట్టిగా, ఎర్రగా నిగనిగలాడింది. తీగపాకం, ముదురుపాకం అంటూ వేళ్లు కాల్చుకునే పని లేదు. థర్మామీటరు కొక్కెం మాత్రం శుద్ధ దండగ, గిన్నె అంచున నిలవదు. తోమేకొద్దీ అంకెలూ చెరుగుతున్నాయి. అయినా కొనొచ్చు, బేరమాడితే ధర తగ్గిస్తారు.