కొండల్లో కొత్త పేడపురుగు: మైక్రోస్కోపా, డీఎన్ఏనా?

హిమాలయాల్లో 3000 మీటర్ల ఎత్తున ఓ పేడపురుగు దొరికిందనుకుందాం. చూస్తే ఒంథోఫేగస్ ప్రజాతిలా ఉంది. అందులో ఇప్పటికే 2000కు పైగా జాతులున్నాయి. మరి ఇది కొత్తదని తేల్చేదెలా?

పాత పద్ధతి మైక్రోస్కోపు. తల మీది కొమ్ము, రెక్కల మీది సన్నని గుంటలు, ముందుకాళ్ల పళ్లు చూస్తారు. అసలు రుజువు మాత్రం చాలాసార్లు మగపురుగు జననాంగంలోనే ఉంటుంది. ఎండిన పురుగును వేడినీళ్లలో నానబెట్టి, సన్నని సూదితో దాన్ని బయటకు తీసి, కొన ఎటు వంగిందో బొమ్మ గీస్తారు. పైకి కవలల్లా కనిపించే జాతులు ఇక్కడ దొరికిపోతాయి. ఖర్చూ తక్కువే. కానీ కొమ్మొక్కదాన్నే నమ్మితే కొంప మునుగుతుంది: తిండి చాలక చిన్నగా పెరిగిన మగవాటికి అదే జాతిలో కొమ్ము నామమాత్రంగా ఉంటుంది. ఇక ఆడపురుగులే దొరికితే టెన్షనే.

ఆ టెన్షన్ డీఎన్ఏ తీరుస్తుంది. ఒక్క కాలు చాలు. జాతులను గుర్తించడానికి వాడే సీఓఐ అనే జన్యువులో సుమారు 650 అక్షరాలు చదివితే ఆడ, మగ, పేడ ఉండలోని పిల్లపురుగు ఒకే జాతివో కాదో చాలావరకు తెలుస్తుంది. అయితే పోల్చాల్సిన పాత మ్యూజియం నమూనాల్లో డీఎన్ఏ ముక్కలైపోయి ఉంటుంది. పైగా వేర్వేరు శిఖరాల మీది గుంపుల మధ్య కాస్త తేడా కనిపించినంత మాత్రాన అవి వేరే జాతులు కానక్కర్లేదు.

నన్నడిగితే ముందు మైక్రోస్కోపే. కొత్త జాతి పేరు చెల్లాలంటే హోలోటైపు (ఆ పేరుకు ఆధారంగా ఎంచి దాచే ఒకే ఒక్క నమూనా), తేడాలను మాటల్లో చెప్పే వర్ణన ఎలాగూ కావాలి. డబ్బుంటే రెండూ చేయించండి. లేకపోతే కనీసం ఓ కాలు ఆల్కహాల్‌లో వేసి దాచండి.