రావులపాలెం దగ్గరి జిప్సీ షెడ్డు: పాత బండిని లేహ్ దారికి సిద్ధం చేయించాలంటే

పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండిని దూరప్రయాణానికి సిద్ధం చేయడమంటే పైన క్యారియరు, ముందు వించి (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), అద్దం మీద లైట్ల వరుస బిగించడమేనని చాలా షెడ్లు నమ్మిస్తున్నాయి. రావులపాలెం శివారులో కాలువ గట్టు పక్కన, పేరు బోర్డు కూడా లేని ఒక షెడ్డు మాత్రం పనిని బండి అడుగు నుంచి మొదలుపెడుతుంది. 2005 నాటి మా మారుతీ జిప్సీ కింగ్‌ను మనాలి మీదుగా లేహ్ వెళ్లివచ్చే స్థితికి తెచ్చే పనిని అక్కడే అప్పగించాము. లోపాలు లేకపోలేదు గానీ, మొత్తం మీద ఆ షెడ్డును మెచ్చుకోక తప్పదు.

1985లో 970 సీసీ ఇంజనుతో వచ్చిన జిప్సీ, 1996లో 1.3 లీటర్ల ఇంజనుతో జిప్సీ కింగ్ అయింది. ఖాళీ బరువు టన్నుకు అటూ ఇటూగా ఉండే ఈ బండికి విడి ఛాసీ, నాలుగు వైపులా కమాను పట్టీలు, అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునే ఫోర్ వీల్ గేరు ఉంటాయి. ఇంత సాదా బండిలో చెడిపోయేది ఏముందని అనిపించవచ్చు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలిలోనూ ఆక్వా చెరువుల గట్ల మీద ఉప్పు బురదలోనూ తిరిగిన బండి అడుగు చూస్తే ఆ మాట అనలేము. ఛాసీ పెట్టెలోకి చేరిన నల్లమట్టి తడిని ఎండనివ్వదు. తుప్పు లోపలి నుంచి తింటూ బయటికి వస్తుంది కాబట్టి పైన వేసిన రంగు దానిని దాచిపెడుతుంది.

లైట్ల సంగతి అడిగితే మేస్త్రి గారు, "ఆయ్, అవి తర్వాత పెట్టుకోవచ్చండి, ముందు ఛాసీ చూద్దామండి" అని బండి కిందికి దూరారు. చిన్న సుత్తితో ఛాసీ పొడవునా కొడుతూ, ఖంగున మోగిన చోటు వదిలేసి, మొద్దుగా పలికిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టారు. వెనుక కమాను పట్టీలు తగిలించే బ్రాకెట్టు దగ్గర గీతలు ఎక్కువయ్యాయి. అక్కడి రేకును గట్టి ఇనుము కనిపించేదాకా కోసి, కొత్త ప్లేటు అతికి, తుప్పు పట్టకుండా రెడాక్సైడు రంగు పట్టించి, పెట్టె లోపలికి పాత ఇంజనాయిలు పిచికారీ చేశారు. తుప్పు మీదే ప్లేటు వేసి అతికేసే పద్ధతి ఇక్కడ లేదు.

ముందు చక్రాలు తిరిగే కీళ్లయిన నకుల్స్ విప్పినప్పుడు గ్రీజు మజ్జిగ రంగులో కారింది. ఆయిల్ సీళ్లు అరిగి నీరు చేరిందనడానికి అదే గుర్తు. సీళ్లు, ఆ కీళ్లలోని కింగ్‌పిన్ బేరింగులు మార్చడంతో పాటు యాక్సిల్ బ్రీదర్లకు (గాలి ఆడే రంధ్రాలకు) రబ్బరు గొట్టాలు తగిలించి ఎత్తుకు లాగారు. వేడెక్కిన యాక్సిల్ వాగులో దిగి ఒక్కసారిగా చల్లబడితే నీటిని లోపలికి పీల్చుకుంటుంది. ఈ గొట్టాలు దానిని ఆపుతాయి.

అన్నింటికన్నా నాకు నచ్చింది కూలింగు పని. వేడికి భయపడి మన ప్రాంతపు మెకానిక్కులు, ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు వెళ్లనివ్వని థర్మోస్టాట్ వాల్వును తీసేయడం, రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం మామూలే. డెల్టాలో దానితో పెద్దగా ఇబ్బంది తెలియదు. చలిప్రాంతంలో మాత్రం వాల్వు లేని ఇంజను త్వరగా వేడెక్కదు. ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకొని కంప్యూటరు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. 40 లీటర్ల ట్యాంకు ఉన్న బండికి ఇది చిన్న నష్టం కాదు. మనాలి దారిలో తాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని హెచ్చరించిన బోర్డు ప్రయాణికులందరికీ తెలిసినదే. పైగా 5,300 మీటర్లు దాటిన తంగ్‌లాంగ్ లా వంటి కనుమ మీద, మూత లేని గిన్నెలో నీరు సుమారు 83 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడ లోపలి ఒత్తిడిని నిలిపి నీటిని త్వరగా మరగనివ్వని రేడియేటర్ మూత బిగువే ఇంజనుకు రక్ష. కొత్త వాల్వు, కొత్త మూత, కొత్త హోస్ పైపులు వేసి, సున్నాకు దిగువన 37 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా కూలెంటును, డిస్టిల్డ్ నీటిని సమపాళ్లలో పోశారు.

టైర్లను 205/70 సైజు నుంచి కాస్త పెద్దవైన 215/75కు మార్చాము. చుట్టుకొలత సుమారు 5 శాతం పెరుగుతుంది కనుక మీటరు 100 చూపితే అసలు వేగం 105 అని గుర్తుంచుకోవాలి. కమాను పట్టీలు అదనంగా వేయలేదు. మోయగల బరువు 500 కిలోలే కాబట్టి సామాను తగ్గించుకోమన్నారు.

కరెంటు పని మాత్రం నిరాశపరిచింది. గాలి కొట్టే కంప్రెసరుకు బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగి, ఫ్యూజును బ్యాటరీ దగ్గర కాక సీటు దగ్గర పెట్టారు. మధ్యలో తీగ ఒరుసుకుపోతే ఆ ఫ్యూజు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఆ భాగాన్ని వేరేచోట మళ్లీ చేయించాను. చెప్పిన తేదీకి బండి ఇవ్వలేదు. బిల్లు తెల్లకాగితం మీద రాసిచ్చారు. టైర్లు కాక లక్షన్నరకు కాస్త లోపే అయింది.

బండి ముందు అడ్డంగా ఉండే ఇనుప బుల్ బార్ అతకడానికి మాత్రం మేస్త్రి గారు ఒప్పుకోలేదు. కేంద్రం 2017 డిసెంబరులోనే వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది. కంపెనీ నమూనాకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవలసి ఉంటుంది. ఫిట్‌నెస్ పరీక్షలో ఇటువంటి అతుకులే ముందు కంటబడతాయి. ఢిల్లీ పరిధిలో పాత బండ్ల మీద ఆంక్షల వివాదం ఉన్నందున, దారి వేసుకునేటప్పుడే అప్పటి నిబంధన చూసుకోవడం మంచిది.

జూన్‌లో బయలుదేరాలనుకునేవారు బండిని ఫిబ్రవరిలోనే అప్పగించాలి. సంక్రాంతికి ముందు ఇవ్వకండి. కోడిపందేల రోజుల్లో షెడ్డులో మనిషి దొరకడు. అంచనా రాయించుకొని, తీసిన పాత భాగాలన్నీ అడిగి తెచ్చుకోండి. కరెంటు పని ఉంటే ముందే వేరే చోట మాట్లాడుకోండి.