ద రెడ్ రివియెరా: హోటల్ పని తెలిసినవాళ్లు కొనొచ్చు

కమ్యూనిజం పోయాక ఆడవాళ్ల బతుకులు ఎలా మారాయో చెప్పే పుస్తకం అంటే క్యూలు, ఖాళీ షాపులు, ఏడుపులే ఉంటాయనుకుంటాం కదా, ఇందులో అంతా హోటళ్లే. బల్గేరియాలో నల్ల సముద్రం ఒడ్డున రిసార్టుల్లో రిసెప్షనిస్టులు, వంటవాళ్లు, వెయిట్రెస్‌లు, గదులు శుభ్రం చేసేవాళ్లు ఏమయ్యారో దగ్గరుండి చూసి రాశారు క్రిస్టెన్ ఘోడ్సీ. ఆవిడ అమెరికన్ ఎత్నోగ్రాఫర్, అంటే జనం మధ్యే ఉండి వాళ్ల బతుకుల్ని పరిశీలించి రాసేవాళ్లు, ఇప్పుడు పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఇది ఆవిడ మొదటి పుస్తకం, 2005లో వచ్చింది.

నేను బెంగళూరులో ఒక హోటల్ ఫ్రంట్ ఆఫీసులో పనిచేస్తాను, అందుకే నన్ను పట్టేసింది. 1989లో కమ్యూనిస్టు పాలన కూలాక అక్కడ ఫ్యాక్టరీలు మూతబడి లక్షలమంది రోడ్డున పడితే, టూరిజంలో ఉన్న ఆడవాళ్లు మాత్రం చాలామంది నిలదొక్కుకున్నారు, ఎందుకంటే విదేశీ కరెన్సీ కోసం పాత ప్రభుత్వమే వాళ్లకి భాషలు నేర్పించి, టూరిజం చదివించింది, ఆ చదువూ విదేశీయులతో మెలిగిన అలవాటూ కొత్త మార్కెట్లో డబ్బయ్యాయి. మా డెస్క్‌లోనూ అంతే! చిత్తూరు నుంచి వచ్చిన అమ్మాయి తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, ఇంగ్లిష్ అన్నీ లాగించేస్తుంది, గెస్ట్ గొడవకి దిగితే ఎంబీఏ చేసినవాళ్లు నీళ్లు నములుతారు, తను సర్దిచెప్పి పంపేస్తుంది. జీతం మాత్రం వాళ్లకే ఎక్కువ, అది వేరే సంగతి.

పాశ్చాత్య నిధులతో నడిచిన మహిళా ఎన్జీవోల మీద ఆవిడ గట్టిగానే వేసుకున్నారు. ఆ ఎన్జీవోలు అక్కడి ఆడవాళ్లందరినీ ముందే బాధితులుగా లెక్కేసి, ఉద్యోగం, వర్గం ఊసెత్తకుండా అంతా ఆడా మగా తేడాగానే చూశాయట. ఈ భాగం ఇంకాస్త ఉంటే బాగుండేది.

నచ్చనిది? థియరీ. ఫ్రెంచ్ సామాజికవేత్త బోర్డ్యూ పేరు వచ్చినప్పుడల్లా నాకు నిద్రొచ్చింది, ఆ పేజీలు తిప్పేసినా కథ తప్పిపోదు. రేటు కూడా యూనివర్సిటీ ప్రెస్ రేటే, చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపుల్లో అడిగి చూశాను, దొరకలేదు.

ఈ సబ్జెక్టే కొత్తవాళ్లు ముందు 2011లో వచ్చిన ఆవిడదే ‘లాస్ట్ ఇన్ ట్రాన్సిషన్’ చదవండి, చిన్న చిన్న అధ్యాయాలు, మధ్యలో కథలు కూడా ఉంటాయి, బస్సులో చదువుకోవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో చిన్నపిల్లగా పార్టిజాన్లలో (ఫాసిస్టుల మీద పోరాడిన గెరిల్లాల్లో) చేరి, తర్వాత వ్యవసాయ శాస్త్రవేత్త అయి, బల్గేరియా మహిళా కమిటీని నడిపిన ఎలెనా లగదినోవా గురించి తెలుసుకోవాలంటే 2015 నాటి ‘ద లెఫ్ట్ సైడ్ ఆఫ్ హిస్టరీ’ ఉంది. రోడోపీ కొండల్లో సీసం, జింకు గనుల ఊరు మదన్‌లో ముస్లిం కుటుంబాల మీద ఆవిడ రాసిన పుస్తకం కూడా తెప్పించాను, ఇంకా మొదలుపెట్టలేదు.