తక్కువ ఖరీదు సింథటిక్ షేవింగ్ బ్రష్‌లలో ఏది మేలు?

తక్కువ ఖరీదులో సింథటిక్ షేవింగ్ బ్రష్ కొనబోయేవారి చూపు సాధారణంగా పిడి అందం మీదికి, ఆ తర్వాత దాని మీదున్న పేరు మీదికి పోతుంది. అయితే చర్మానికి తగిలేదీ, నురుగు తీసేదీ కుచ్చు. ఈ ధరలో బ్రష్‌లు అమ్మే కంపెనీలలో చాలావరకు కుచ్చును తామే తయారు చేయవు. చైనాలోని తయారీదారుల వద్ద కొని, తమ పిడిలో జిగురుతో అతికించి, తమ పేరుతో అమ్ముతాయి. అందువల్ల పేర్లూ రంగులూ వేరైన రెండు బ్రష్‌లలో ఒకే రకం కుచ్చు ఉండడం మామూలే. కంపెనీకీ కంపెనీకీ మధ్య కాక, కుచ్చుకీ కుచ్చుకీ మధ్య పోలిక చూసుకుంటే ఎంపిక సులువవుతుంది. అందుకే ఇక్కడ ప్లిసాఫ్ట్, టక్సెడో, క్యాష్‌మియర్ అనే మూడు రకాలను, వాటికి బాగా భిన్నమైన ఒమేగా ఎస్-బ్రష్‌ను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

సింథటిక్ అనగానే ఇప్పటికీ కొందరికి పాతకాలపు నైలాన్ బ్రష్ గుర్తుకొస్తుంది. ఆ పోగులు మొద్దుగా ఉండి చర్మాన్ని గీరేవి. నీటిని పట్టి ఉంచలేక పల్చటి నురుగునే ఇచ్చేవి. ఇప్పటి కుచ్చుల్లో ఎక్కువగా కనిపించేది పీబీటీ అనే పాలిస్టర్ పోగు. ఇది చాలా సన్నగా ఉంటుంది, కొసకు వెళ్లేకొద్దీ మరింత సన్నబడుతుంది. నైలాన్ నీటిలో నానితే తన బరువులో కొన్ని శాతం మేరకు నీటిని పీల్చుకుంటుంది. పీబీటీ దాదాపు అరశాతానికి మించి పీల్చుకోదు. ఇది లోపమేమీ కాదు. నీరు పోగుల మధ్య సందుల్లో నిలుస్తుంది కాబట్టి బ్రష్‌ను ముందుగా నానబెట్టే పని ఉండదు, వాడకం అయ్యాక త్వరగా ఆరిపోతుంది కూడా. పంది వెంట్రుకల బ్రష్ వారాల తరబడి వాడితే గాని మెత్తబడదు. సింథటిక్ మొదటి రోజు ఎలా ఉందో చాలాకాలం తర్వాత కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది. కనుక ఇప్పుడు నచ్చకపోయినా వాడగా వాడగా దారికొస్తుందనే ఆశ సింథటిక్ విషయంలో పెట్టుకోకూడదు. కొనేముందే పోల్చి చూసుకోవాలని నేను పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

ప్లిసాఫ్ట్ రకం కుచ్చు ఫ్రాన్స్‌కు చెందిన ప్లిసాన్ సంస్థ సింథటిక్ బ్రష్‌కు మంచి పేరు వచ్చాక, దాని పోలికతో చౌకగా వచ్చినది. రేజోరాక్ వంటి కంపెనీలు దీన్ని చాలామందికి చేరువ చేశాయి. కొనలు ఎంతో మెత్తగా ఉంటాయి, క్రీమ్‌తో నురుగు క్షణాల్లో తయారవుతుంది, తయారైన నురుగును కుచ్చు లోపల దాచుకోకుండా ముఖానికి అందిస్తుంది. దీని ఇబ్బంది స్ప్రింగు గుణం. తడి కుచ్చును అరచేతిలో అదిమి ఒక్కసారిగా వదిలి చూడండి. పోగులన్నీ ఒకేసారి విదిలించినట్టు నిటారుగా లేచి నిలబడతాయి, నురుగు ఉంటే దాని తుంపరలు మణికట్టు దాకా చిందుతాయి. ముఖం మీద గుండ్రంగా తిప్పేటప్పుడు కూడా ఈ ఎదురుతన్ను చేతికి తెలుస్తూనే ఉంటుంది. గిన్నెలో నురుగు తీసుకునేవారికి ఇది పెద్ద సమస్య కాదు. నేరుగా ముఖం మీదే నురుగు తీసేవారికి మాత్రం చికాకు కలిగిస్తుంది.

టక్సెడో ఆ చికాకును చాలావరకు తగ్గించింది. చైనా కంపెనీ యాకి బ్రష్‌లతో ప్రసిద్ధమైన ఈ కుచ్చులో పోగులు నల్లగా, కొనలు తెల్లగా ఉంటాయి. మెత్తదనంలో ప్లిసాఫ్ట్‌కు ఏమాత్రం తీసిపోదు గాని, వంచితే వంగుతుంది, వెంటనే ఎదురు తిరగదు. అందువల్ల గోడకు సున్నం వేసే కుంచెలా అటూ ఇటూ పూసుకుంటూ పోవడానికి చాలా హాయిగా ఉంటుంది. ఆ మెత్తదనమే గట్టి సబ్బు దగ్గర బలహీనత అవుతుంది. బిళ్ల మీద రుద్దుతుంటే కుచ్చు పక్కలకు పరుచుకుపోయి, సరిపడా సబ్బు ఎక్కడానికి ఎక్కువసేపు పడుతుంది.

క్యాష్‌మియర్ కూడా యాకి బ్రష్‌లలో పేరుపడ్డదే. దీని కొనలు టక్సెడో కొనలంత పట్టులా ఉండవని మొదటి స్పర్శలోనే తెలుస్తుంది, కానీ కుచ్చు నడుములో ఉన్న బిగువు ఆ కొరతను తీరుస్తుంది. సబ్బు బిళ్ల మీద నిలబడి పని చేస్తుంది, ముఖం మీద గడ్డం వెంట్రుకలను లేపుతూ నురుగును వాటి కుదుళ్ల దాకా చేరుస్తుంది, అయినా ప్లిసాఫ్ట్‌లా చిమ్మదు. మెత్తదనానికీ బిగువుకూ మధ్య ఇంత చక్కటి పొందిక తక్కువ ఖరీదు కుచ్చుల్లో అరుదు.

ఇటలీ కంపెనీ ఒమేగా చేసే ఎస్-బ్రష్ దారి వేరు. మిగిలినవి బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకల మెత్తదనాన్ని అందుకోవాలని చూస్తే, ఇది పంది వెంట్రుకల బిరుసును అనుకరిస్తుంది. గట్టి సబ్బును తేలిగ్గా ఎత్తుకుంటుంది, బిరుసు గడ్డం ఉన్నవారికి బాగా రుద్దిన తృప్తినిస్తుంది. త్వరగా కందిపోయే చర్మానికి దీన్ని సిఫారసు చేయలేను.

రకం తేల్చుకున్నాక కొలతలు కూడా చూడాలి. కుచ్చు అడుగు వ్యాసం 22 నుంచి 26 మిల్లీమీటర్ల మధ్య ఉండడం మామూలు, పిడి అంచు నుంచి కొన దాకా పొడవు సుమారు 50 మిల్లీమీటర్లు. వ్యాసం అదే ఉండి పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు తగ్గినా కుచ్చు బాగా బిగుసుకుంటుంది. ప్లిసాఫ్ట్‌ను పొట్టిగా అతికిస్తే స్ప్రింగు గుణం ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆ రకంలో కాస్త పొడవైనదే నయం. టక్సెడో మాత్రం కొంచెం పొట్టిగా ఉంటే మేలు. 26 మిల్లీమీటర్ల కుచ్చు చూడడానికి నిండుగా ఉన్నా, ముక్కు కింద తిప్పడానికి అడ్డం వస్తుంది, సబ్బునూ ఎక్కువ తాగుతుంది. చాలామందికి 24 సరిపోతుంది.

ఒకే బ్రష్ కొనేవారికి నా సలహా 24 మిల్లీమీటర్ల క్యాష్‌మియర్. సబ్బైనా క్రీమైనా, గిన్నెలోనైనా ముఖం మీదైనా దానితో ఇబ్బంది ఉండదు. కేవలం క్రీమే వాడేవారికి, చర్మం సున్నితమైనవారికి టక్సెడో ఇంకా బాగుంటుంది. ఎప్పుడూ గిన్నెలోనే నురుగు తీస్తూ, అందులోనూ అతి చౌకది కావాలనుకునేవారికి ప్లిసాఫ్ట్ చాలు. గట్టి సబ్బుల మీద మక్కువా, బిరుసు గడ్డమూ రెండూ ఉన్నవారికి ఒమేగా ఎస్-బ్రష్ నచ్చుతుంది.

ఏది కొన్నా, సబ్బు మీద పెట్టేముందు నీటిని బాగా విదిలించాలి. సింథటిక్ కుచ్చు సందుల్లోని నీరు అదిమిన వెంటనే బయటికి వచ్చేస్తుంది, అప్పుడు సబ్బు ఎక్కకుండా నురుగు నీళ్లలా జారుతుంది. తక్కువ తడితో మొదలుపెట్టి, కొనలు ముంచుతూ నీటిని కొద్దికొద్దిగా కలుపుకోవడం మేలు. కాగే నీళ్లు పోయకూడదు. పీబీటీ కరగడానికి 220 డిగ్రీల సెల్సియస్ దాటాలి గాని, 50 డిగ్రీల ప్రాంతం నుంచే దాని గట్టిదనం సడలుతుంది, వంగిన పోగు ఆ వంపులోనే ఉండిపోవచ్చు. చేతికి ఓర్చుకునేంత వెచ్చటి నీరు చాలు.