దొండపర్తి మేడ మీద ఆరు ఆదివారాలు

నల్లజాతి స్త్రీవాదం మీద ఆరు ఆదివారాల తరగతి అని మా వార్డులో హౌస్‌సర్జన్ అమ్మాయి ఫోన్లో చూపించినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతంట?" 900 రూపాయలు. స్పైరల్ బైండింగు పుస్తకానికి ఇంకో 180. రెండో ప్రశ్న, "మెట్లెన్ని?" దానికి ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నేను చెప్తాను. 34 మెట్లు, లిఫ్టు లేదు, మలుపు దగ్గర రెయిలింగు ఊగుతుంది. మోకాళ్లు అరిగిన స్టాఫ్ నర్సుని, ముందే చెప్పీడం మంచిది.

విశాఖపట్నం దొండపర్తిలో జెరాక్స్ షాపు మీద గది అది. ఫేన్లు మూడున్నాయి, తిరిగేవి రెండు. బాత్రూం తాళం కింద షాపులో అడిగి తెచ్చుకోవాలి. టీ మాత్రం బాగుంటుంది, అల్లం దంచి వేస్తారు. చెప్పేది రిటైరైన ఇంగ్లీషు లెక్చరరు. అందరం మేడమ్ అనేవాళ్లం. ఆవిడ కాగితం చూసి చదవరు, అడిగితే విసుక్కోరు. మొత్తం 19 మందిమి, అందులో మగవాళ్లు ముగ్గురు.

మొదటి ఆదివారమే గొడవైంది. పుస్తకం 9వ పేజీలో సోజర్నర్ ట్రూత్ ఉపన్యాసం ఉంది. బానిసగా పుట్టి బయటపడిన మనిషి ఆవిడ. 1851లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ఊళ్లో ఆడవాళ్ల హక్కుల సభలో మాట్లాడింది. తలో పేరా చదవమన్నారు మేడమ్. నా పక్కన కూర్చున్న లా చదివే అమ్మాయి వంతు వచ్చింది. "నాను ఆడకూతుర్ని కానేటి? ఓలమ్మో, నా సెయ్యి సూడండి" అని గొంతు పెట్టి మరీ చదివింది. గదంతా గొల్లుమంది.

నాకు నవ్వు రాలేదు. మాది టెక్కలి దగ్గర పల్లె. పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి చూశాను. ఆ పుస్తకంలో అమెరికా వాళ్లందరూ, తెల్లవాళ్లు, నల్లవాళ్లు, లాయర్లు, ప్రొఫెసర్లు, శుభ్రంగా పేపర్ల తెలుగు మాట్లాడుతున్నారు. ఒక్క బానిస మనిషి మాత్రం శ్రీకాకుళం నుంచి వచ్చింది. పోనీ ఆ యాసైనా సరిగ్గా ఉందా అంటే ఒక లైనులో "సేసినాను", కింది లైనులో "చేసితిని". సినిమాల్లో అంట్లు తోమే మనిషికి రాసే డైలాగు.

చెయ్యెత్తి అడిగాను. "మేడమ్, ఆవిడ ఇలాగే మాట్లాడేదాండీ?"

మేడమ్ కళ్లజోడు తీసి పుస్తకం మీద పెట్టారు. "లేదు సిస్టర్. ఆవిడ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో. చిన్నప్పుడు మాట్లాడింది డచ్చి భాష. ఇంగ్లీషు తర్వాత నేర్చుకుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో ఆవిడ నోట పెట్టే అమెరికా దక్షిణాది బానిసల యాస ఆవిడది కాదు."

ఆ తర్వాత చెప్పిన అరగంట పాఠానికే నా 900 గిట్టుబాటైపోయింది. సభ జరిగిన నెలలోపే ఒక పత్రికలో ఆ ఉపన్యాసం వచ్చింది. అందులో "నేను ఆడదాన్ని కాదా" అన్న మాటే లేదంట. ఆ మాటా, ఆ యాసా వచ్చి చేరింది 12 ఏళ్ల తర్వాత. ఆ సభకి అధ్యక్షురాలిగా ఉన్న ఫ్రాన్సెస్ గేజ్ అనే తెల్లావిడ 1863లో గుర్తు చేసుకుని రాసినప్పుడు. ట్రూత్ 13 మంది పిల్లల్ని కన్నట్టు రాసింది కూడా గేజే. కన్నది ఐదుగుర్ని. నేను పాతికేళ్ల పైన కేస్‌షీట్లు రాసినదాన్ని. ఐదు కాన్పుల మనిషికి పదమూడని రాస్తే మా ఇన్‌చార్జి సిస్టర్ ఆ షీటు నా మొహాన కొడుతుంది. గేజ్ చెడ్డ మనిషేం కాదు. బానిసత్వం పోవాలన్న మనిషే, ట్రూత్‌ని మెచ్చుకుంటూనే రాసింది. ఆ మెచ్చుకోవడంలోనే ఆవిడ నోరు తీసేసి ఇంకో నోరు పెట్టీసింది.

మరి ఇదంతా తెలిసీ తెలుగులో ఆ యాస ఎందుకు ఉంచారు? మేడమ్ దాచలేదు. ఒక స్టూడెంటు చేసిన అనువాదమంట, "జీవంగా ఉందనిపించింది" అన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. నర్సింగులో చేరిన కొత్తలో హాస్టల్లో నన్ను కూర్చోబెట్టి మాట్లాడించి, కడుపు పట్టుకుని నవ్వి, "నీ భాషలో ఎంత జీవముందే" అనేవారు. మూడు నెలల్లో పేపరు తెలుగు నేర్చేసుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా అదే తెలుగు.

మూడో వారానికి మేడమ్ 9వ పేజీ మళ్లీ కొట్టించి, జెరాక్సు తీయించి అందరికీ పంచారు. మామూలు తెలుగులో. పాత పేజీ మీద అతికించుకోమని గమ్ సీసా కూడా తెచ్చారు. డబ్బులు తీసుకుని తప్పు ఒప్పుకున్నవాళ్లని నేను ఎక్కువమందిని చూళ్లేదు. అందుకని ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఓటు హక్కు గురించి చెప్పిన వారం సాదాగా నడిచింది. అందులో ఒక్క సంగతి నాతో ఇంటికొచ్చింది. 1913 మార్చి 3న వాషింగ్టన్‌లో ఆడవాళ్లు ఓటు కోసం పెద్ద ఊరేగింపు తీశారు. నల్లవాళ్లు వెనకాల నడవండి, దక్షిణాది తెల్లవాళ్లకి కోపం వస్తుంది అన్నారు నిర్వాహకులు. ఐడా వెల్స్ అనే ఆవిడ, నల్లవాళ్లని చెట్లకి ఉరేసి చంపడం మీద పేపర్లలో రాసిన మనిషి, ఆ మాటకి ఎదురు చెప్పి పక్కకి తప్పుకుంది. ఊరేగింపు కదిలాక, జనంలోంచి వచ్చి తన ఇల్లినాయి రాష్ట్రం వరసలో చేరిపోయి నడిచింది. 1920లో ఆడవాళ్లకి ఓటు వచ్చింది. దక్షిణాదిలో నల్ల ఆడవాళ్లు చాలామందికి అది చేతికొచ్చింది 1965 ఓటు హక్కుల చట్టం తర్వాతే.

పుస్తకంలో అందరూ భయపడే మాట ఒకటుంది, ఇంటర్‌సెక్షనాలిటీ. ఒకే మనిషి మీద రెండు మూడు వివక్షలు కలిసి పడటమన్నమాట. దానికి తెలుగులో పెట్టిన సంస్కృత మాట పలకడానికి ఇద్దరం ప్రయత్నించి వదిలేశాం. మేడమ్ నేరుగా కేసులోకి వెళ్లిపోయారు. జనరల్ మోటార్స్ మీద ఐదుగురు నల్ల ఆడవాళ్లు దావా వేశారు. 1964కి ముందు ఆ కంపెనీ నల్ల ఆడవాళ్లని దాదాపు తీసుకోనేలేదు. ఉద్యోగాలు తగ్గించాల్సి వచ్చినప్పుడు చివర చేరినవాళ్లని ముందు తీసేశారు. అంటే వీళ్లనే. 1976లో కోర్టు ఏమందీ? కంపెనీలో ఆడవాళ్లున్నారు కదా, ఆడవాళ్ల మీద వివక్ష లేదు. ఆ ఆడవాళ్లు ఆఫీసులో కూర్చునే తెల్లవాళ్లు. నల్లవాళ్లున్నారు కదా అంది. వాళ్లు మిషన్ల దగ్గర మగవాళ్లు. రెండూ కలిపి అడగడం కుదరదంది. కింబర్లీ క్రెన్‌షా అనే నల్లజాతి లా ప్రొఫెసరు ఈ కేసు పట్టుకుని 1989లో నాలుగు రోడ్ల కూడలి పోలిక తెచ్చారు. అన్ని వైపుల నుంచీ బళ్లొస్తాయి, మధ్యలో నిలబడ్డ మనిషిని ఏది గుద్దిందో చెప్పడం కష్టం.

ఇది నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కేజువాలిటీలో చేసినప్పుడు, సరిగ్గా జంక్షన్‌లో గుద్దించుకున్న మనిషి వస్తే, ఎంఎల్‌సీ కాగితం, అంటే పోలీసులకి ఇచ్చే కేసు కాగితం, తీసుకోమని ఒక స్టేషన్‌కి ఫోన్ చేస్తే రోడ్డుకి అటుపక్క మాది కాదనేవారు. ఇంకో స్టేషన్ ఇటుపక్క మాది కాదనేది. పేషెంటు స్ట్రెచర్ మీదే ఉండేది. నేను ఈ మాట చెప్తే మేడమ్ బోర్డు మీద రాసుకున్నారు.

ఇక నా పెద్ద ఫిర్యాదు. ఆదివారం పదింటికి ఏమిటండీ ఈ తరగతి? నేను ఆరున్నర ఆరాధనకి వెళ్లి, అక్కణ్నుంచి ఆటో ఎక్కి వచ్చేదాన్ని. మా ఆడపడుచు ఎంతో రావాలనుకుంది, రాలేకపోయింది. తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర వరకు ఆమె చర్చిలో పాటలు పాడే గుంపులో ఉండాలి. కంచరపాలెంలో మా వీధిలో ఈ పాఠం వినాల్సినవాళ్లు సగం మంది ఆ టైముకి చర్చిలో ఉంటారు, మిగిలిన సగం కోడికూర దగ్గర. పదకొండున్నరకి గదిలో మోగేది నా ఫోనే, "మసాలా డబ్బా ఎక్కడుందమ్మా?" అని. అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గోమరీలో, బస్సుల్లో నల్లవాళ్లని లేపి తెల్లవాళ్లని కూర్చోబెడుతున్నారని, బస్సులెక్కొద్దన్న కరపత్రాలు జో ఆన్ రాబిన్సన్ అనే టీచరు కాలేజీ మిషన్ మీద రాత్రికి రాత్రే వేలల్లో తీసిందనీ, 1955 డిసెంబరులో ఆ ఆదివారం చర్చిల్లోనే ఆ కబురు చెప్పారనీ చెప్పింది మేడమే. "అలాంటి పాఠం చర్చి టైములో పెడితే ఎలాగండీ" అన్నాను. వచ్చే బ్యాచి సాయంత్రం నాలుగింటికి పెడతామన్నారు. చూడాలి.

బెల్ హుక్స్ అనే నల్లజాతి రచయిత్రి గురించి చెప్పినరోజు సరదాగా గడిచింది. ఆవిడ ముత్తవ్వ పేరు పెట్టుకుని, ఆ పేరుని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతోనే రాసుకునేది, తన కన్నా తన మాటే పెద్దదిగా కనబడాలని. మన లిపిలో చిన్నా పెద్దా లేవు కదా, ఆ వినయం తెలుగులో కనబడదే అని లా అమ్మాయి బాధపడింది. అదే రోజు హుక్స్ అడిగిన ప్రశ్న ఒకటి గదిలో చాలాసేపు ఉండిపోయింది. తెల్ల గృహిణులు వంటిల్లు వదిలి ఉద్యోగాలకి వెళ్తే, ఆ వంటింట్లోకి ఎవరొస్తారు? వంటమనిషి ఉన్నవాళ్లు మాట్లాడలేదు. కాంబహీ నది పేరు పెట్టుకున్న బోస్టన్ ఆడవాళ్ల ప్రకటన, 1977 నాటిది, కూడా చదివాం. బానిసత్వం నుంచి తప్పించుకున్న హారియట్ టబ్‌మన్ అనే ఆవిడ 1863లో సైనికుల్ని తీసుకెళ్లి 700 మందికి పైగా బానిసల్ని విడిపించిన నది అది. వాళ్లు మగవాళ్లని విడిచిపెట్టి పోరాడతాం అనలేదు. జాతి విషయంలో వాళ్లతో కలిసి, ఆడామగా విషయంలో వాళ్లతోనే తగవుపడి నడుస్తాం అన్నారు. ఇది నాకు ఎక్కింది. మా ఇంటాయనతో నాకు రోజూ గొడవే. ఆయన్ని చెకింగు దగ్గర కుర్రాడొకడు "ఏరా" అన్నరోజు మాత్రం నేను బండి దిగి వెళ్లాను.

ఆరో ఆదివారం మన దగ్గరికి రావాలి. వచ్చేసరికి పన్నెండుంపావు, పైగా కరెంటు పోయింది. ఫూలే 1873లో తన గులాంగిరి పుస్తకాన్ని అమెరికాలో బానిసత్వం పోగొట్టినవాళ్లకి అంకితమిచ్చిన సంగతీ, బొంబాయిలో 1972లో అమెరికా నల్లవాళ్ల పార్టీ నల్ల పేంథర్లని చూసి దళిత పేంథర్లు అనే సంఘం పుట్టిన సంగతీ గబగబా చెప్పేశారు. తెలుగులో 1993లో స్త్రీవాద కవిత్వ సంకలనం నీలిమేఘాలు వచ్చింది. దళిత స్త్రీల రాతల్ని ఒకచోట చేర్చిన గోగు శ్యామల నల్లపొద్దు రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది. ఈ పదేళ్ల మీద ఒక పూట మాట్లాడుకోవాలి కదా? నలభై నిమిషాలిచ్చారు. అందులో పది నిమిషాలు "వాళ్లదీ మనదీ ఒకటే" అని ఒకాయన ఉపన్యాసం. ఒకటే కాదండీ. అక్కడ చర్మం చూసి తెలుసుకుంటారు. విశాఖపట్నంలో నాకు అద్దిల్లు కావాలంటే ముందు ఊరడుగుతారు, తర్వాత ఇంటిపేరు, తర్వాత "చర్చికెళ్తారా?" మూడో ప్రశ్న దాటాక ఇల్లు ఎవరో చుట్టాలకి ఇచ్చేశాం అంటారు. ఈ భాగానికి నా మార్కులు తక్కువే.

నాలుగో వారం గురించి రాయకుండా ఇంతదూరం వచ్చాను. 1973, అదే మాంట్‌గోమరీ. రెల్ఫ్ వాళ్ల ఆడపిల్లలు ఇద్దరు, 14 ఏళ్లొకరికి, 12 ఏళ్లొకరికి. ప్రభుత్వ డబ్బుతో నడిచే క్లినిక్ వాళ్లు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేశారు. తల్లికి చదువు రాదు. సూదిమందే అనుకుని కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది. ఆ రోజుల్లో తెల్ల ఆడవాళ్ల పోరాటం గర్భస్రావం హక్కు కోసం. మాకు ఆపరేషన్ చెయ్యమంటే డాక్టర్లు చెయ్యట్లేదని కూడా వాళ్ల గొడవ. నల్లవాళ్లూ, ప్యూర్టోరికో వాళ్లూ అడిగింది వేరు, మాకు చెప్పకుండా చెయ్యకండి అని. సంతకానికీ ఆపరేషన్‌కీ మధ్య 30 రోజుల గడువు పెట్టమన్నారు. తెల్ల ఆడవాళ్ల సంఘాలే కొన్ని అడ్డుపడ్డాయి. 1979 నుంచి ఆ గడువు అమల్లోకి వచ్చింది.

మేడమ్ చెప్పుకుంటూ పోతున్నారు, నాకు స్టాంపు పేడ్ వాసన వచ్చింది. 1999లో నేనొక కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కేంపులో ఉన్నాను, ఊరి పేరు చెప్పను. బడిలో బల్లలు జరిపి పెట్టిన కేంపు. టార్గెట్లు 1996లోనే తీసేశామని కాగితం వచ్చింది గానీ, ఫోన్లో అడిగేది మాత్రం అంకెలే. నా పని నిశానీలు. ఎడమ బొటనవేలు పట్టుకుని పేడ్ మీద అద్ది, కాగితం మీద ఒత్తి, స్పిరిట్ దూదితో తుడవాలి. ఒకామె వేలు మీద సిరా పోలేదు, పొలం పనికి పగుళ్లు పట్టి ఉంది, సిరా ఆ పగుళ్లలోకి దిగిపోయింది. నేను గట్టిగా తుడుస్తున్నాను. "సూదేనా సిస్టరూ?" అంది. వెనకాల వరస గుమ్మం దాటి అరుగు మీదకి ఉంది. "ఆఁ" అన్నాను.

ఇది గదిలో చెప్పాను. ఎవరూ ఏమీ అనలేదు. మేడమ్ నా గ్లాసులో టీ పోసి, పాఠం ఆపేసి, మళ్లీ మొదలుపెట్టినప్పుడు 2016కి వచ్చారు. కేంపులు మూడేళ్లలో మానెయ్యమని సుప్రీంకోర్టు చెప్పిన సంవత్సరం అది. ఆ తీర్పు మాకు సర్క్యులర్‌గా వచ్చింది, నేనే నోటీసు బోర్డుకి పిన్ను పెట్టాను. అప్పుడు చదవలేదు.

సాయంత్రం బ్యాచి నిజంగా మొదలైతే మా ఆడపడుచుని తీసుకెళ్తాను, ఆరో ఆదివారం మళ్లీ కూర్చుంటాను. దానికి డ్యూటీ మార్చుకోవాలి. పేరు కింద జెరాక్స్ షాపులోనే రాయించుకోవచ్చు. పుస్తకం కొనేటప్పుడు 9వ పేజీ కొత్తదో పాతదో చూసుకోండి. మలుపు దగ్గర గోడవైపు నడవండి.