పాత యాంప్లిఫయర్ కొనేవారికి హెచ్చరిక: వెనుక అంటించిన స్టిక్కర్ కింద ఏముందో చూడనిదే డబ్బు ఇవ్వకండి

అనంతపురం, కడప, కర్నూలు నుంచి బెంగళూరుకో హైదరాబాదుకో వెళ్లి, పరిచయం లేనివారి దగ్గర ఖరీదైన పాత ఆడియో పరికరాలు కొనాలనుకుంటున్న వారందరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. అనంతపురంలో ఉండే నేను గత నెలలో బెంగళూరులో ఒక వ్యక్తికి 90,000 రూపాయలు ఇచ్చి, 1970లలో జపాన్‌లో తయారైన యాంప్లిఫయర్ ఒకటి కొన్నాను. అతను చూపించిన గదిలో మా కళ్ల ముందు చాలాసేపు చక్కగా పాడిన ఆ యాంప్లిఫయర్, మా ఇంట్లో స్విచ్ వేసిన కాసేపటికే పొగలు కక్కి ఆగిపోయింది. ఆ సాయంత్రం నుంచి అతని ఫోన్ పనిచేయడం లేదు.

మోసం ఎక్కడుందో మా ఊరి మెకానిక్ పరికరం వెనుక పలకను స్పిరిట్‌తో తుడిచినప్పుడు బయటపడింది. "230 వోల్టులు" అని ముద్రించిన ఒక చిన్న స్టిక్కర్ ఊడివచ్చింది. దాని కింద కంపెనీవారు అచ్చువేసిన అసలు అంకె 100. జపాన్‌లో ఇళ్లకు వచ్చే కరెంటు 100 వోల్టులే కాబట్టి, ఆ దేశంలో అమ్మడానికి తయారుచేసిన సాన్సుయి, పయొనీర్ వంటి కంపెనీల పాత పరికరాలు ఆ వోల్టేజీకి తగినట్టుగానే ఉంటాయి. విదేశాలకు పంపిన మోడళ్లలో కొన్నింటికి మాత్రం వెనుక వోల్టేజీ మార్చుకునే అమరిక ఉంటుంది. ఆ గదిలో మేము తీసుకున్న వీడియోను మళ్లీ చూస్తే, యాంప్లిఫయర్ వైరు గోడకున్న ప్లగ్గులోకి కాకుండా బల్ల కింద గుడ్డ కప్పిన ఒక పెట్టెలోకి వెళ్లడం స్పష్టంగా కనిపిస్తోంది. అది 230 వోల్టులను 100కు తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్ప మరొకటి అయ్యే అవకాశం లేదు. ఆ పెట్టెను మాకు ఇచ్చి, దీనితోనే వాడుకోవాలని చెప్పి ఉంటే ఆ పరికరం ఇంకా ఎన్నో ఏళ్లు పాడేది. తెలిసి తెలిసి దాన్ని దాచిపెట్టడం డబ్బు దోచుకోవడమే కాదు, ఇల్లు కాలిపోయే ప్రమాదాన్ని మూటగట్టి పంపడం కూడా.

100 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టులు ఇస్తే లోపలి ప్రతి వోల్టేజీ రెండింతలకు మించుతుంది. 50 వోల్టులు ఉండవలసిన చోట 115 వస్తాయి. 63 వోల్టులకు తగినట్టు పెట్టిన కెపాసిటర్లు ఉబ్బి పగులుతాయి. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప కోరు భరించగలిగినదాన్ని దాటి అయస్కాంతీకరణ జరగడంతో చుట్టలో కరెంటు అమాంతం పెరిగి వైరు కాలిపోతుంది. మా దాంట్లో ఈ రెండూ జరిగాయి. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల పరికరాలకు కూడా ఇదే గతి పడుతుంది. రికార్డు ప్లేయర్ల విషయంలో మరొక చిక్కు ఉంది. అమెరికా కరెంటు సెకనుకు 60 ఆవృత్తులది (60 హెర్ట్జ్), మనది 50. ఈ హెర్ట్జ్‌ను బట్టే వేగం నిర్ణయమయ్యే మోటారు ఉన్న ప్లేయర్‌ను వోల్టేజీ సరిచేసి ఇక్కడ నడిపినా, నిమిషానికి 33 చుట్లు తిరగవలసిన రికార్డు సుమారు 28 చుట్లే తిరుగుతుంది, పాట శ్రుతి మూడు స్వరస్థానాల మేర దిగిపోతుంది.

కాబట్టి వైరు కొస నుంచి కొస వరకు చేత్తో పట్టుకుని చూడండి. పరికరాన్ని బల్ల మీద నుంచి దించి, గోడకున్న ప్లగ్గులో మీరే పెట్టాలి. మీరు స్వయంగా తీసుకెళ్లిన ఎక్స్‌టెన్షన్ బోర్డు అయితే మరీ మంచిది. అయితే వెనుక పలక మీది వోల్టేజీ అంకెను గోటితో గీకి, అది అచ్చో అంటించిన కాగితమో నిర్ధారించుకున్న తరువాతే స్విచ్ వేయండి. మూడు, నాలుగు వందల రూపాయల మల్టీమీటర్ ఒకటి వెంట ఉంటే చాలా సంగతులు తేలిపోతాయి. స్పీకర్లు తీసేసి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, ఎడమ, కుడి ఛానళ్లలో ఒక్కొక్కదాని స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. వోల్టులలో చూపిస్తే ఆ యాంప్లిఫయర్ మీ స్పీకర్ల కాయిల్‌ను కాల్చేస్తుంది. 8 ఓముల స్పీకర్ మీటరులో సుమారు 6 ఓములు చూపిస్తుంది. ఏమీ చూపించకపోతే లోపల వైరు తెగినట్టే. స్పీకర్ కోను అంచున ఫోమ్ ఉంటే వేలితో తాకండి. ఏళ్లు గడిచిన ఫోమ్ పొడిపొడిగా రాలుతుంది, మన ఎండలకు ఇంకా త్వరగా పాడవుతుంది. వినడానికి అతను పెట్టిన పాట కాకుండా, మీకు కంఠస్థంగా తెలిసిన కచేరీ రికార్డు ఏదైనా మీ ఫోన్ నుంచే పెట్టించి, బ్యాలెన్స్‌ను ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి పూర్తిగా తిప్పి వినండి.

మాకు జరిగిన ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అదే పద్ధతిని ఇతరుల మీదా ప్రయోగిస్తారని నా అనుమానం. 44వ నంబరు జాతీయ రహదారి మీద మేము బాగేపల్లి దాటిన తరువాత అతను ఫోన్ చేసి, ఇంట్లో చుట్టాలున్నారని, మరొక చోటికి రమ్మని చెప్పాడు. దానితో అతని అసలు చిరునామా మాకు తెలియకుండా పోయింది. అంత దూరం వెళ్లినవారు వెనక్కి తిరగరని వారికి బాగా తెలుసు. చోటు చివరి నిమిషంలో మారితే, పెట్రోలు ఖర్చు పోయినా సరే, బేరం వదులుకోండి.

డబ్బు పంపే ముందు యూపీఐ తెర మీద కనిపించే పేరు, అమ్మే వ్యక్తి చూపిన గుర్తింపు కార్డు మీది పేరు ఒకటే కావాలి. రోజుకు లక్ష దాటి పంపలేరు కాబట్టి మిగతాది తమ్ముడి నంబరుకు పంపమంటే నమ్మకండి; ఆ పరిమితి పంపేవారి ఖాతాకు సంబంధించింది, తీసుకునేవారిని మార్చినంత మాత్రాన అది మారదు. సైన్యంలో పనిచేస్తున్నానని, బదిలీ మీద వెళ్తున్నానని కార్డు ఫొటో పంపి అడ్వాన్సు అడిగేవారి మోసం పాతదే అయినా ఇప్పటికీ నడుస్తోంది. మీరు అమ్మేవారైతే, డబ్బు రావడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయడం గానీ, పిన్ నొక్కడం గానీ ఎప్పుడూ అవసరం లేదని గుర్తుంచుకోండి.

పరికరం సీరియల్ నంబరు, వోల్టేజీ, ధర, చిరునామా రాసి, ఇది తన సొంత వస్తువేనని అమ్మే వ్యక్తి చేత సంతకం చేయించిన కాగితం తప్పకుండా తీసుకోండి. దొంగసొత్తు అని తేలితే పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకుంటారు. తెలిసి కొన్నారని రుజువైతే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కొన్నవారికీ వర్తిస్తుంది. మోసానికి సంబంధించినది 318వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాల ప్రకారం, నేరం బెంగళూరులో జరిగినా మన ఊరి పోలీసు స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. అది తమ పరిధి కాదని వెనక్కి పంపకూడదు. వస్తువు చూడకముందే ఆన్‌లైన్‌లో డబ్బు పంపి మోసపోయినవారు మాత్రం వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయాలి, ఆ డబ్బు మరో ఖాతాకు వెళ్లకముందే బ్యాంకు దాన్ని ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. నేను వీడియో, చెల్లింపు వివరాలు, ఊడదీసిన స్టిక్కర్ జతచేసి ఫిర్యాదు ఇచ్చాను. వెండి రంగు ముఖం ఉన్న జపాన్ యాంప్లిఫయర్‌ను ఇదే తీరున, బల్ల కింద పెట్టెకు గుడ్డ కప్పి చూపించిన వ్యక్తి మీకూ ఎదురై ఉంటే, మీరూ ఫిర్యాదు చేయండి. ఒకే మనిషి మీద రెండు ఫిర్యాదులు చేరితే దర్యాప్తుకు బలం వస్తుంది.