స్క్రాప్ పికప్ యాప్ రివ్యూ: డబ్బులొచ్చే చెత్తకి సూపర్, మిగతా చెత్త మనింట్లోనే

ముందే చెప్పేస్తా, అయిదుకి మూడు స్టార్లు. పాత పేపర్లు, అట్టపెట్టెలు అమ్ముకోడానికైతే సర్వీస్ బానే ఉంది, కానీ యాప్ ఓపెన్ చేయగానే "మీ ఇంట్లో జీరో వేస్ట్" అని ఇంతింత అక్షరాల్లో వేస్తారు చూడండి, అది మాత్రం నమ్మకండి. మాది హైదరాబాద్‌లో నాచారం వైపు అపార్ట్‌మెంట్, చాలా నెలల నుంచి వాడుతున్నాం. యాప్ పేరు కావాలనే రాయట్లేదు, ఈ టైపువి అన్నీ ఇంచుమించు ఒకేలా నడుస్తున్నాయి, మా చెల్లి విజయవాడలో వాడేది కూడా సేమ్ కథ.

బాగున్నవి ముందు. తూకం. డిజిటల్ కాంటా తెస్తారు, మన ముందే సున్నా చూపించి వేలాడదీస్తారు, డబ్బులు అక్కడికక్కడే ఫోన్‌పేలో పడిపోతాయి. మా వీధిలో తిరిగే బండాయన దగ్గర స్ప్రింగ్ కాంటా, ఆయన ఎత్తి పట్టుకుంటే ముల్లు ఎక్కడ ఆగిందో ఆయనకే కనపడుద్ది, దండి కొడతాడని తెలిసినా సర్లే పోనీ అని ఊరుకునేవాళ్ళం. ఆ గొడవ లేదు. వచ్చే కుర్రాళ్ళు కూడా మర్యాదగానే ఉంటారు, లిఫ్ట్ లేని బిల్డింగుల్లో నాలుగో అంతస్తు నుంచి మోసుకెళ్తున్నారు పాపం, మంచినీళ్ళన్నా అడగండి.

ఇక రేట్లు. యాప్‌లో ఒక నంబర్ ఉంటది, దాని పక్కన చిన్నగా "వరకు" అని ఉంటది, ఆ "వరకు"లోనే ఉంది వ్యాపారమంతా. పేపర్లు తడిగా ఉన్నాయని కొంచెం, మ్యాగజైన్లు కలిశాయని కొంచెం, గోనె సంచి బరువని కొంచెం తరుగు తీస్తారు, చివరికి బండాయన ఇచ్చేదానికి కిలోకి రూపాయో రెండో ఎక్కువ వస్తే గొప్ప. పైగా కనీసం ఇన్ని కిలోలు ఉంటేనే వస్తామంటారు, అంటే అప్పటిదాకా బాల్కనీలో పోగేసుకోవాలి, అట్టపెట్టెల్లో బొద్దింకలు కాపురం పెట్టేశాయి మాకు. పొద్దున స్లాట్ బుక్ చేస్తే సాయంత్రం వచ్చిన రోజులు కూడా ఉన్నాయి, మెసేజ్ పెడితే సారీ అని ఆటోమేటిక్ రిప్లై వస్తది అంతే.

కానీ నా అసలు కంప్లైంట్ ఇది కాదు. వీళ్ళు ఏం తీసుకోరో ఒకసారి చూడండి. చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్ కవర్లు, షాంపూ సాచెట్లు, థర్మోకోల్, జ్యూస్ డబ్బాలు, సాస్ సీసాలు, ఫుడ్ డెలివరీలో వచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బాలు, అన్నీ నో. మన ఇళ్ళల్లో రోజూ బుట్ట నిండేది వీటితోనే కదా! పేపర్, ఇనుము, రాగి తీగ, వాటర్ బాటిళ్ళు అంటే యాప్ రాకముందు కూడా ఎవరూ పారేసేవాళ్ళు కాదు, అవి మన అమ్మమ్మల కాలం నుంచే అమ్ముడుపోతున్నాయి. ఆ పని చేసి "మీరు చెట్లు కాపాడారు" అని సర్టిఫికెట్ పంపడం కొంచెం ఓవర్.

తప్పు పూర్తిగా యాప్ వాళ్ళదే అని కూడా అనలేను. చిప్స్ ప్యాకెట్ అంటే ప్లాస్టిక్ పొర, దాని మీద అల్యూమినియం పూత, మళ్ళీ ఇంకో ప్లాస్టిక్ పొర, వాటిని విడదీసే ఖర్చుతో పోలిస్తే వచ్చే సరుకు విలువ ఏం లేదు, కాబట్టి కొనేవాడు లేడు. కుదిరితే సిమెంట్ ఫ్యాక్టరీ బట్టీల్లో బొగ్గుకి తోడుగా కాలుస్తారు. జ్యూస్ డబ్బా కూడా అంతే, ముప్పావు వంతు అట్ట, మిగతాది ప్లాస్టిక్, కాస్త అల్యూమినియం, దానికి వేరే మిల్లు కావాలి. గాజు అయితే బరువెక్కువ, రేటు తక్కువ, దారిలో పగులుద్ది. బీరు సీసాలు మాత్రం కడిగి మళ్ళీ నింపుతారు కాబట్టి వాటికి గిరాకీ ఉంది, మా ఇంట్లో పోగయ్యేవి పచ్చడి సీసాలు, ఏం చేస్తాం. ఆ ప్యాకెట్లు తయారుచేసి అమ్మే కంపెనీలే వాటిని వెనక్కి సేకరించాలని 2016 ప్లాస్టిక్ రూల్స్‌లోనే ఉంది, మా వీధికి మాత్రం ఏ కంపెనీ బండీ రాలేదు.

మరి అవన్నీ ఎక్కడికి పోతాయి అంటే పొద్దున్నే వచ్చే చెత్త ఆటోలోకి, అక్కడి నుంచి చివరికి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి. అక్కడ 2020లో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు మొదలైంది, 19.8 మెగావాట్లతో పెట్టి తర్వాత 24కి పెంచారు, మంచిదే, కానీ మన చెత్తలో సగం తడి, తడి చెత్త సరిగ్గా మండదు. ఆ పక్కనే దమ్మాయిగూడ వైపు ఉండే మా కొలీగ్ వానాకాలంలో కిటికీలు తెరవడు, వాసన అలా ఉంటది. అప్పట్లో ఇంటింటికీ ఆకుపచ్చది ఒకటి, నీలంది ఒకటి రెండు బుట్టలు ఇచ్చారు గుర్తుందా, తడికొకటి పొడికొకటి అని? మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్ళల్లో వాటిల్లో బియ్యమో ఉల్లిపాయలో ఉన్నాయి.

మా వీధి బండాయన సంగతి కూడా చెప్పాలి. రెండు కిలోలున్నా వస్తాడు, విరిగిన బకెట్ తీసుకుంటాడు, పాత చెప్పులు తీసుకుంటాడు, పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి ఇస్తే అవీ తీసుకుంటాడు, యాప్ వాళ్ళు వాటిని ముట్టుకోరు. తూకంలో పోయేది అక్కడ వచ్చేస్తుంది అనుకుంటా నేను. యాప్ మొదలుపెట్టాక పేపర్లు, ఇనుము యాప్‌కి, చిల్లర సామాన్లు ఆయనకి ఇస్తుంటే "మంచి సరుకంతా వాళ్ళకిచ్చి నాకు ఇదా అమ్మా" అన్నాడు మొన్న. నిజమే మరి, ఆ చెప్పులూ బకెట్లూ మోసినందుకు ఆయనకి మిగిలేదే ఆ పేపర్ల మీద. అందుకే ఇప్పుడు పేపర్లు మళ్ళీ ఆయనకే ఇస్తున్నాం, ఫ్రిజ్, కూలర్ లాంటి పెద్దవి ఉంటేనే యాప్.

వాడాలనుకుంటే నెలాఖరు ఆదివారాలు వద్దు, రష్ ఎక్కువ. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకుండా వేలాడేలా వదిలేయండి, ఆ చిన్న ముక్కలే కాలవల్లోకి పోయేది. ఇన్వర్టర్ బ్యాటరీకి యాప్‌లో రేటు బాగా చూపిస్తారు కానీ ఎక్కడికి పోతదని అడిగితే ఆ కుర్రాడు గోడౌన్‌కి అన్నాడు అంతే, అందులో ఉండేది సీసం, ఎవరు పడితే వాళ్ళు కరిగించేది కాదు. కొత్తది కొనే షాపులోనే పాతది ఇచ్చేయండి, బిల్లులో తగ్గిస్తారు కూడా.